గరిడీ విద్య – నిత్యజీవితము



ఈ సాయంకాలము మీతో గరిడీ విద్యను గూర్చి నాలుగు మాటలు ముచ్చటింప వచ్చితిని. ఈ మాట చెవిని బడగానే మీలో కొందఱు, బడి విడిచి విశ్రాంతి పుచ్చుకొన్న అయ్యవారికి ఈ వయస్సున సాముగరిడీల ప్రసంగ మేల యని నవ్వుకొనవచ్చును. మొన్న రచ్చబండకడ మా యూరి పెద్ద యొకరు నన్ను సూటిగానే అడిగినారు. “దొంగలు వచ్చినచో పోలీసులున్నారు. తగవు వచ్చినచో న్యాయస్థానమున్నది. ఇక మన పిల్లల చేతికి కఱ్ఱ యిచ్చి యేమి ప్రయోజనము? ఉన్న కొట్లాటలు చాలవా?” అనినారు. ఆ ప్రశ్న తోసివేయదగినది కాదు. కఱ్ఱ పట్టినవాడు కొట్టునను భయము లోకమునందు ఊరక పుట్టలేదు. నేటి ప్రసంగమంతయు ఆ పెద్దమనిషికి నేను చెప్పదలచిన సమాధానమే.

మాది పులికాటు సరస్సు ఒడ్డు. నెల్లూరు జిల్లాలో నుండి, 2022 లో తిరుపతి జిల్లాలో చేరిన సీమ. ప్రళయకావేరి యని పెద్దలు పిలుచు నీ సరస్సునకు తూర్పున శ్రీహరికోట యిసుకదీవి, దాని కావల సముద్రము. విజయనగర ప్రభువుల కాలమున ఈ సరస్సు దక్షిణపు కొననున్న పులికాటు పట్టణము తూర్పుతీరమునందలి గొప్ప రేవులలో నొకటి. 1516 ప్రాంతమున బార్బోసా యను పోర్చుగీసువాడు ఈ రేవును వర్ణించుచు, ఇచట హిందువులును మహమ్మదీయులును వర్తకము చేయుచుండిరనియు, పెగూదేశమునుండి కెంపులు వచ్చుచుండెననియు, ఇచటి అద్దకపు నూలుబట్టలు దూరదేశములకు పోవుచుండెననియు వ్రాసినాడు. 1613 లో డచ్చివారు ఇచట కోట కట్టి దానికి గెల్డ్రియా యని పేరిడిరి. ధనమున్న చోట కావలి కావలెను. కావలి కావలెనన్న శిక్షణపొందిన శరీరములు కావలెను. పూర్వము ఊరూర గరిడీసాల లుండుటకు ఇది యొక కారణము. ఈ కారణము నేడు లేదు. ఆ పెద్దమనిషి చెప్పినట్లు కావలికి వేఱు ఏర్పాట్లున్నవి. అట్లయిన, ఆ విద్యకు కావలికన్న వేఱు ప్రయోజన మేదైన నుండెనా? ఉండెననుటకు ఈ రేవునకు ఏలిక యైన మహారాజుయొక్క దినచర్యయే సాక్ష్యము.

1509 మొదలు 1529 వఱకు రాజ్యమేలిన శ్రీకృష్ణదేవరాయలను మన మందఱము ఎఱుగుదుము. ఆయన గెలిచిన కోటల పేళ్లు బడిపిల్లలు వల్లింతురు. కాని ఆయన తెల్లవాఱుజామున ఏమి చేయుచుండెనో తలపోయువారు తక్కువ. 1520 ప్రాంతమున విజయనగరమునకు వచ్చిన డొమింగో పేస్ అను పోర్చుగీసు యాత్రికుడు ఆ సంగతి వ్రాసిపెట్టినాడు. ఆ వ్రాతను రాబర్టు స్యూయెల్ దొర ఆంగ్లములోనికి మార్చి 1900 లో ప్రకటించినాడు. దాని సారాంశ మిది.

రాయలు సూర్యోదయమునకు చాల ముందే లేచి, అరలీటరునకు కొంచెము తక్కువగా నువ్వులనూనె త్రాగి, ఒడలంతయు నూనె పట్టించుకొని, చిన్నగోచి బిగించి, మట్టితో చేసిన పెద్ద బరువులు చేతుల నెత్తుచుండును. పిమ్మట కత్తి పుచ్చుకొని, పట్టిన నూనె యంతయు చెమటగా కాఱిపోవువఱకు సాము చేయును. అటుపిమ్మట తన జెట్టీలలో నొకనితో కుస్తీ పట్టును. అది ముగిసిన తరువాత గుఱ్ఱమెక్కి, తెల్లవాఱువఱకు మైదానమున అటునిటు దౌడు తీయించును. ఇదంతయు తెల్లవాఱకముందు జరుగు పని. పిదప స్నానము, స్నానానంతరము దేవతార్చన. అర్చన ముగించి, రాజ్యోద్యోగులును నగరాధికారులును వచ్చు మందిరమునకు పోయి రాచకార్యములు చక్కబెట్టును.

ఈ వరుసను మీరు మనస్సునకు పట్టించుకొనవలెను. మొదట సాము, పిదప స్నానము, పిదప పూజ, పిదప ప్రజలపని. సాము పూజకు ముందుమెట్టు, పూజ పనికి ముందుమెట్టు. ఒడలు తన చెప్పుచేతలలో నున్నదని ప్రతిదినము పరీక్షించుకొనక ఆయన ఇతరులకు చెప్పుచేతలు చెప్పుటకు కూర్చుండలేదు. మఱియొకటి. కుస్తీలో ఎదుటివాడు జెట్టి. అదే వాని వృత్తి. మహారాజైనను గోచి బిగించి మట్టిలో దిగినపుడు పట్టు తప్పిన క్రింద పడవలసినదే. నేల రాజని చూడదు. దినమునకు ఒకమాఱైన కిరీటము లేక నేలమీద నిలుచు అలవాటు ఏ పాలకునకైన మేలే.

ఇచట నేను పక్షపాతము చేయరాదు. ఆ పేసే, రాయలు మిక్కిలి ఉల్లాసవంతుడు, అతిథులను ఆదరించువాడు, న్యాయపరుడు అని పొగడి, అకస్మాత్తుగా కోపము తెచ్చుకొను స్వభావము గలవాడనియు వ్రాసినాడు. అనగా అంతటి సాధకునికిని కోపము పోలేదు. గరిడీ కోపమును చంపునని యెవరైన చెప్పినచో నమ్మకుడు. అది చేయునది వేఱొకటి కలదు. దానిని పిమ్మట నా యనుభవమునుండి చెప్పెదను.

సాధన యుద్ధమున ఏమి ఫలమిచ్చునో 1520 లో రాయచూరుకడ తేలినది. ముందుదళములు చెదరి వెనుకకు పాఱివచ్చుచుండగా, రాయలు తాను వెనుదిరుగక గుఱ్ఱమెక్కి, తనతో వచ్చువారెవ్వరని పిలిచి శత్రువుమీదికి నడిచెనని, కొంతకాలమునకు తరువాత వచ్చిన నూనిజ్ అను పోర్చుగీసువాడు తెలిపినాడు. ఆ గడియలో ఆలోచించుటకు వ్యవధి లేదు. చీకటిలో, చూచువారు లేనప్పుడు, వేలకొలది దినములు గుఱ్ఱపు వీపుమీద గడపినవాడు గనుక, అందఱు చూచుచున్న దినమున ఆయన కాలు రికాబును వెదకికొన నక్కఱలేకపోయెను. కాని అట్టి గడియలు జన్మకు ఒకటి రెండు. మిగిలిన దినములన్నియు మన దినములవంటివే. వాని మాటయే మనకు కావలెను.

మన పూర్వులు ఈ విద్యకు హద్దులు కూడ విధించినారు. కల్యాణ చాళుక్యప్రభువైన మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో రచించిన మానసోల్లాసమున మల్లవినోదమని యొక ప్రకరణమే కలదు. అందు జెట్టీలను వయోబలములనుబట్టి తరగతులుగా విభజించి, వారి ఆహారవ్యాయామములను నిర్ణయించినాడు. వైద్యాచార్యుడైన వాగ్భటుడు, బలవంతుడైనను తన బలములో సగము మేరకే వ్యాయామము చేయవలెననియు, అదియు చలికాలమున, వసంతమున తగుననియు, తక్కిన ఋతువులలో ఇంకను తగ్గింపవలెననియు చెప్పి, మితిమీఱిన దప్పిక, క్షయము, దగ్గు, జ్వరము కలుగునని హెచ్చరించినాడు. సగము బలము దాచుకొనుమను నీ మాట సామాన్యమైనది కాదు. కండబలము గలవానికి మిక్కిలి కష్టమైన పని దానిని దాచుకొనుటయే.

దాచుకొన్న బలము వేఱుదారిని పూచును. కాకతీయ గణపతిదేవుని గజసైన్యమునకు అధిపతియైన జాయపసేనాని 13వ శతాబ్ది మధ్యభాగమున నృత్తరత్నావళి యను నాట్యశాస్త్ర గ్రంథము రచించెను. ఏనుగులను నడపిన సేనాని నర్తకుల పాదవిన్యాసములను లెక్కించి వ్రాయుట వింతగా తోచును గాని, అడుగు ఎచట పడవలెనో తెలిసినవానికి రెండును దూరపు విద్యలు కావు.

ఇది రాజులకును సేనానులకును పరిమితమైన విద్య యనుకొనరాదు. రాయలసీమలో పాళెగాండ్ర క్రింద కట్టుబడి బంట్లు మాన్యపు భూములు అనుభవించుచు ఆయుధవిద్య నిలుపుకొనుచుండిరి. 1800 లో దత్తమండలములు కుంపిణీవారి వశమైన పిదప, మన్రో దొర 1807 వఱకు అచట కలెక్టరుగా నుండి పాళెగాండ్రను అణచెను. చిత్తూరు పాళెగాండ్రకును ఆ దశాబ్దమందే అదే గతి పట్టెను. కట్టుబడుల మాన్యములు క్రమముగా పోయినవి. 1846 లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డితో కూడి లేచినవారిలో అట్టి కట్టుబడు లుండిరి. 1878 నాటి ఆయుధచట్టముతో కత్తి కటారులకు అనుమతిపత్రములు కావలసివచ్చెను. విద్యకు భూమియు పోయెను, పనిముట్లును పోయెను. మిగిలినది కఱ్ఱ యొకటి.

ఆ కఱ్ఱయు పండుగనాటి వేడుకగా మిగిలినది. పీర్లపండుగకు, దసరాకు, ఊరి జాతరకు డప్పుల ముందు నాలుగు గడియలు త్రిప్పి, మఱునాడు చూరులో దోపుట వాడుకయైనది. త్రిప్పుట మిగిలినది, తెల్లవాఱుజాము పోయినది. విద్యకు ప్రాణమైన భాగము పోయి, చూపునకు ఇంపైన భాగము నిలిచినది. కఱ్ఱ పట్టినవాడు కొట్టునను భయము అప్పుడే పెరిగినదని నా యూహ. దినచర్య లేని కఱ్ఱ ఆయుధము. దినచర్యతో కూడిన కఱ్ఱ చదువు. ఈ సాధనకు మనవారు వాడు ‘తాలీము’ అను మాటకు అరబ్బీభాషలో శిక్షణ మనియే అర్థము. తమిళ సోదరులు సిలంబమనుదానికిని మలయాళదేశపు కళరికిని మూలము గురుశిష్య శిక్షణయే.

ఈ తెగిన త్రాటిని మరల ముడివేసినవారు మనలో లేకపోలేదు. కళింగసీమలోని వీరఘట్టమున 1882 లో పుట్టి 1942 లో గతించిన కోడి రామమూర్తినాయుడుగారి పేరు విననివారుండరు. ఱొమ్మునకు చుట్టిన ఇనుపగొలుసును ఊపిరి బిగించి త్రెంచుటయు, ఏనుగును ఱొమ్ముమీద నెక్కించుకొనుటయు ఆయన ఖ్యాతికి కారణములు. కాని నాకు ఆయన జీవితమున ముఖ్యముగా తోచునది వేఱొకటి. సర్కసు పెట్టకముందు ఆయన ఉత్తరాంధ్రమందలి విజయనగరములో బడిపిల్లలకు వ్యాయామము నేర్పిన ఉపాధ్యాయుడు. ఏనుగు నెక్కించుకొన్నది చూచినవారు చప్పట్లు కొట్టి యింటికి పోయిరి. ఆయన క్రింద నేర్చిన పిల్లలు మాత్రము నేర్చినదానిని తమ దినములలోనికి కొనిపోయిరి.

ఇక నా యనుభవము. 1970వ దశకమున, నా పదునాలుగవ యేట, సరస్సు ఒడ్డున ఒక సాయిబు తాతకడ నేను కఱ్ఱసాము నేర్చుకొంటిని. మా నాయనగారు సంస్కృతపండితులు. ఐనను అడ్డు చెప్పక, “గురువుగారికి నమస్కరించి వెళ్లుము” అని మాత్రము అనిరి. మొదటి నెల తాత నా చేతికి కఱ్ఱ ఈయలేదు. కోడి కూయకముందే పోయి ఇసుకను ఊడ్చి చదును చేయవలెను, నేలకు మ్రొక్కవలెను, ఆయన గీచిన గీతలమీద అడుగులు వేయవలెను. రెండవ నెల దండీలు, బస్కీలు. మూడవ నెల కఱ్ఱ యిచ్చి, దానిని త్రిప్పుటకు ముందు దానిని వేగమున దింపి తలకు జానెడు దూరమున ఆపుట నేర్పినారు. కొట్టుట ఎవడైన చేయును, ఆపుట విద్య యని ఆయన మాట.

అది నాకు అప్పుడు తలకెక్కలేదు. ఉద్యోగము దొరకిన పిదప సాధన మానివేసితిని. పాఠములు, పరీక్షలు, సంసారము అని సాకులు దొరకినవి. అట్లు మానియున్న కాలమున, ఒకనాటి మధ్యాహ్నము ఎక్కము తప్పుచెప్పిన ఒక జాలరి బాలుని బెత్తముతో కొట్టితిని. తప్పు చిన్నది; నా కోపము ఆనాటి వేఱు చికాకులది. చేతిలోని నేర్పు మాత్రము గరిడీలో నేర్చినదే గనుక దెబ్బ గట్టిగా తగిలెను. మఱునాడు వాడు బడికి రాలేదు. నేను వారి యింటికి పోయి పిలిచితిని. వాడు తండ్రితో పడవమీద పోయినాడనిరి. ఎన్నిమాఱులు పిలిచినను వాడు మరల బడిగడప త్రొక్కలేదు.

ఈ సంగతి సాయిబు తాతకు తెలిసెను. ఆయన నన్ను తిట్టలేదు. ఆయన మాటలలోనే చెప్పెదను: “అయ్యోరా, కర్ర ఎత్తేది నా దగ్గర నేర్చుకున్నావు. ఆపేది కూడా నేర్పినానే, అదెక్కడ పారేసుకున్నావు?” నాకు నోట మాట రాలేదు. మఱునాడు తెల్లవాఱుజామున పోయి మరల ఇసుక ఊడ్చితిని. ఆనాటినుండి పదవీవిరమణ వఱకు మఱి యే బాలునిమీదను చేయి చేసికొని యెఱుగను. కోపము రాలేదని కాదు, వచ్చినది. వచ్చినపుడు చేయి లేచుటకు ముందు ఒక ఊపిరి పీల్చునంత వ్యవధి చిక్కినది. ఇందాక చెప్పెదనన్న మాట ఇదియే. గరిడీ కోపమును చంపదు. కోపమునకును చేతికిని నడుమ ఒక ఊపిరి చోటు కల్పించును. ప్రతిదినము ఊడ్వకపోయినచో ఆ చోటు ఇసుక మేటవేసి పూడిపోవును.

కోపమునకు చెప్పినది తక్కిన పనులకును చెల్లును. మా సరస్సు లోతు తక్కువైనది. పెక్కుచోట్ల గెడ వేసి పడవ నడపుదురు. ఒకమాఱు ఎదురుగాలి విసరి పడవ ఒరిగినపుడు తక్కినవారు అంచును పట్టుకొన పోగా, గరిడీలో ఆరితేరిన యువకుడొకడు మోకాళ్లు సడలించి పాదము మార్చి బరువును నడిమికి తెచ్చి, అందఱిని కూర్చుండుడని చెప్పెను. పడవ నిలిచెను. వానిని అడిగినచో తాను ప్రత్యేకముగా ఏమియు చేయలేదనెను. నిజమే, ప్రతి ఉదయము చేయునదే చేసెను. పొలముగట్టు తగవులలో బూతుమాట విని మాఱుమాట మ్రింగుకొన్నవారిని, పంట పోయిన ఏడును మఱుసటి పొద్దు యథాప్రకారము లేచి మడికి పోయినవారిని గరిడీ నేర్చినవారిలో నేను కన్నులార చూచితిని. మనబోటి వయస్సు మళ్లినవారికి కూడ దీని ఫలము కలదు. అడుగు తెలిసి వేయువాడు తడిసిన మెట్లమీద జాఱిపడుట తక్కువ. ముసలితనమున ఒక్క పాటు తప్పించుకొన్నను అది చిన్న లాభము కాదు.

కావున పెద్దలారా, నా మనవి యిది. ఊరిలో ఇరువదిమంది పిల్లలు నిలుచునంత ఇసుకనేల చూపుడు. నేర్పువాని చేతిబలముకన్న ముందు నడవడిని విచారింపుడు. తెల్లవాఱుజామున ఒక గడియ చాలును. రాత్రి రెండుజాముల వఱకు సెల్‌ఫోను చూచువాడు ఆ గడియకు లేవలేడు. లేవదలచినవాడు దానిని తానే క్రింద పెట్టును. ఎవనిని సగము బలమునకు మించి పనిచేయింపవలదు. నేర్చినదానిని వీధితగవులో వాడినవానిని ఆ దినముననే వెలుపలికి పంపుడు. మెచ్చుకోలుగా నవ్వకుడు, మీ నవ్వే వానిని చెఱచును. ఆడపిల్లలను మఱువకుడు. విజయనగరపు అంతఃపురమున కత్తియు డాలును పట్టు స్త్రీలును, కుస్తీ పట్టు స్త్రీలును ఉండిరని నూనిజ్ వ్రాసియున్నాడు. మనము వారికన్న వెనుకబడ నక్కఱలేదు. అన్నిటికన్న ముఖ్యముగా, మీలో ఒకరైన దినమును అచటికి వచ్చి కూర్చుండుడు. పెద్దలు చూచుచున్న చోట కఱ్ఱ తన మర్యాద తప్పదు.

రచ్చబండకడ నన్నడిగిన పెద్దమనిషికి నేను చెప్పునది ఇంతే. అయ్యా, పిల్లల చేతికి కఱ్ఱ యీయవలెననునది వారు కొట్టుటకు కాదు. పోలీసులు దొంగను పట్టుదురు, న్యాయస్థానము తగవు తీర్చును. కాని తన చేతిని తాను ఆపుకొను పని ఎవనికి వాడే చేసికొనవలెను. అది ముసలితనమున ఒక్కనాట రాదు. చిన్ననాడే దినదినము అలవడవలెను.

మీలో తిరుమలకు పోనివారుండరు. 1513 మొదలు 1521 వఱకు రాయలు ఏడుమాఱులు ఆ కొండ యెక్కి స్వామిని సేవించెను. గుడిలోనికి అడుగిడగానే, తిరుమలదేవి చిన్నాదేవులు ఇరుప్రక్కల నుండగా రాయల విగ్రహము నిలిచియుండును. ఈమాఱు పోయినపుడు ఒక్క నిమిష మాగి ఆ చేతులను చూడుడు. చీకటితో లేచి బరువు లెత్తినవి ఆ చేతులే, కత్తి త్రిప్పినవి ఆ చేతులే. అచట అవి జోడింపబడియున్నవి.